సవరమ్మ కుడి చెయ్యి

సవరమ్మకి కోపమొస్తే మామిడి తోటలో కోత ఆగిపోయేది. పొగడ్తకి చెప్పడం లేదు, జరిగిన మాటే చెబుతున్నాను. ఒక ఏప్రిల్ నెలలో, నడినెత్తిన ఎండ మండుతుంటే, ఆడకూలీలకి తాగే నీళ్ళు తెప్పించడం మర్చిపోయాడట తోట గుమాస్తా. "ఈ పూటకి సర్దుకోండే" అన్నాడట పైగా. సవరమ్మ చేతిలో ట్రే కింద పెట్టి, చెట్టు కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె వెనకాలే పద్నాలుగు మంది కూర్చున్నారు. కోసిన రసాలు ఎండలో పడున్నాయి, లారీ వచ్చి నిలబడింది, ఒక్కతీ లేవలేదు. గుమాస్తా బండి వేసుకుని పోయి రెండు క్యాన్లు తెచ్చి, మొదటి గ్లాసు తన చేత్తో ముంచి ఇచ్చాక గానీ సవరమ్మ లేవలేదు.

అలాంటి మనిషి సొంత ఇంట్లో నోరు మూసుకుని కూర్చుంది. దానివల్ల ఏం జరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద, ఆమె మొగుడి మీద, వాళ్ళ వీధి మీద. అన్నిటికంటే ఎక్కువ నా మీద నాకు.

నా పేరు శకుంతల. నూజివీడు బస్టాండుకి దగ్గర్లో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నాది. పద్దెనిమిదేళ్ళుగా ఈ చుట్టుపక్కల మోకాళ్ళూ నడుములూ భుజాలూ నా చేతుల మీదుగానే పోతున్నాయి. నాకు నోరెక్కువని పేషెంట్లు చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, అబద్ధమేమీ కాదు.

సవరమ్మ పుట్టింది చాట్రాయి దగ్గర పల్లెలో. పదహారో ఏట వెంకటేశ్వర్లుని చేసుకుని ఆగిరిపల్లి వైపు వచ్చింది. అతను చిక్కం మనిషి. అంటే పొడుగాటి కర్రకి వల సంచి కట్టి, కాయ నేల రాలకుండా కోస్తాడు. మాట తక్కువ, సిగ్గెక్కువ. ఆమెది కాయ ఏరే పని. ముచ్చిక తుంచి, సొన కారేదాకా కాయని బోర్లించి, ఏది లారీకెక్కాలో ఏది సంతకి పోవాలో చేత్తో తడిమి చెప్పేది. కళ్ళతో చూసేది కాదు. పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే రెండేసి కాయలు ఒకేసారి గుప్పిట్లోకి తీసుకుని, అరచేతిలో అలా తిప్పి, ట్రేలో వేసేసేది. ముప్పై నాలుగేళ్ళ సొన మచ్చలు ఆ కుడిచేతి మీద మోచేతి దాకా ఉన్నాయి. ఒక్కతే కూతురు ప్రియాంక, పెళ్ళై చాట్రాయిలోనే ఉంటుంది.

పోయినేడు ఏప్రిల్ మొదట్లో తోట నుంచి వస్తున్న ఆటో మలుపులో తిరగబడింది. మిగతా వాళ్ళకి చిన్న దెబ్బలతో పోయింది. సవరమ్మకి మాత్రం కుడి జబ్బ ఎముక రెండు ముక్కలైంది, ఎడమ మణికట్టు విరిగింది. బెజవాడ పెద్దాసుపత్రిలో కుడిచేతికి ప్లేటు వేశారు, ఎడమచేతికి ఆరు వారాల పిండికట్టు. ఎముక అతుక్కుంటుంది గానీ, ఎముకని ఆనుకుని పోయే నరం నలిగింది. ఆ నరమే మణికట్టునీ వేళ్ళనీ పైకి లేపేది. అది దెబ్బతినేసరికి సవరమ్మ కుడిచెయ్యి తడి గుడ్డలా కిందికి వేలాడిపోయింది.

"నరం తెగలేదు, మూడు నాలుగు నెలల్లో దానంతటదే వస్తుంది, ఈలోగా ఫిజియో చేయించుకోండి" అని చీటీ రాసి పంపారు. ఏప్రిల్ మధ్యలో మొగుడూ పెళ్ళాలు ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

నేను చేసే పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పాసివ్ మూవ్‌మెంట్ అంటాం. పేషెంటు చేసేదేమీ ఉండదు. ఎదుటి మనిషి ఆ చేతిని పట్టుకుని, మణికట్టునీ, వేళ్ళలో ఒక్కొక్క కీలునీ అది వంగాల్సినంత వంచి, చాచాల్సినంత చాచాలి. నెమ్మదిగా. నొప్పి మొదలయ్యే చోట ఆగాలి. నరం పడుకుని ఉన్నన్నాళ్ళూ కీళ్ళు బిగుసుకుపోకుండా కాపాడటానికే అది. వారానికోసారి నేను చేస్తే చాలదు, రోజుకి మూడు పూటలా ఇంట్లో జరగాలి.

మొదటిసారి ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. భుజమంతా బిగబట్టింది.

"వదిలెయ్ సవరమ్మా. నువ్వేం చెయ్యకు, నేను చేస్తా."

"వదలమంటే ఎట్టా వదలాలమ్మా? నా చెయ్యి ఇంకోళ్ళు ఎత్తటమేంటి?" అని నా మీదే కసిరింది. భుజం జారవిడవడానికి పావుగంట పట్టింది.

తర్వాత వెంకటేశ్వర్లుని స్టూలు మీద కూర్చోబెట్టి ఆమె చెయ్యి పట్టుకోమన్నాను. అతను అటూ ఇటూ చూశాడు. క్లినిక్‌లో ఎనిమిది మంది ఉన్నారు. రెండు వేళ్ళతో, కాలిన గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఏంటండీ, ముప్పై ఏళ్ళ పైన కాపురం చేసి పెళ్ళాం చెయ్యి పట్టుకోవడానికి సిగ్గా?" అన్నాను.

క్లినిక్ అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. వెంకటేశ్వర్లు మొహం కిందికి దించేశాడు. సరే, అతనికి నేర్పాను, చేసి చూపించాడు, బాగానే చేశాడు. "ఇది మీరొక్కరే చెయ్యాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒకసారి పట్టుకుని లాగితే కీలు పాడవుతుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు" అని హెచ్చరించాను. రాత్రిళ్ళు మణికట్టు వేలాడకుండా కట్టుకోమని స్ప్లింట్ ఇచ్చాను. తేదీలు వేసిన కాగితం ఒకటిచ్చి, పూట పూటకీ టిక్కు పెట్టమన్నాను.

వారం వారం వచ్చేవాళ్ళు. ఆ రెండు వారాలూ చెయ్యి కొంచెం బిగిసినట్టే అనిపించింది. ఆపరేషన్ వాపు ఇంకా తగ్గలేదు, అందుకే అనుకున్నాను. మూడో వారం ఆటో దొరకలేదని రాలేదు. కాగితం నిండా టిక్కులున్నాయి. టిక్కులు చూసి సంతోషించిన తెలివితక్కువదాన్ని నేను.

నాలుగో వారం సవరమ్మ ఒక్కతే వచ్చింది. కోత ముమ్మరంగా ఉంది, మొగుడు తోటకి పోయాడట. పక్కింటి రమణమ్మ తను కూలికి తోటకి పోతూ ఆటో ఎక్కించి పంపింది. నేను చెయ్యి తీసుకుని మణికట్టు పైకి లేపాను. సగంలో ఆగిపోయింది. ఇంకాస్త లేపబోతే వేళ్ళు నాలుగూ లోపలికి ముడుచుకుపోయాయి. చిటికెన వేలూ దాని పక్క వేలూ అయితే మధ్య కీలు దగ్గర కొంకీల్లా వంగి, కదలనని మొరాయించాయి. సవరమ్మ పళ్ళు బిగించింది.

"రోజూ చేస్తున్నాడా మీ ఆయన?"

"చేస్తన్నాడమ్మా."

"మూడు పూటలా?"

"ఆఁ. కాయితం చూడు, నీకే తెలుస్తది."

కాగితం తీసుకున్నాను. ఆ రోజు తేదీ ఎదురుగా మూడు టిక్కులు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. గోడ గడియారం చూశాను. పదకొండు ఇంకా కాలేదు.

నా నోట్లోంచి ఏమేం వచ్చాయో అన్నీ ఇక్కడ రాయలేను. "సాయంత్రం టిక్కు ఇప్పుడే పెట్టేశాడేంటి మీ ఆయన? రేపటిది కూడా పెట్టేస్తే పోయేదిగా!" అని మొదలుపెట్టి, "నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారా?" దాకా వెళ్ళాను. పక్క మంచం మీద మోకాళ్ళ నొప్పుల పెద్దాయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

"ఆయన్నేం అనబాకమ్మా. నేనే వద్దన్నాను" అంది సవరమ్మ.

"ఎందుకు?"

చెప్పింది. ఆగి ఆగి, నా మొహం చూడకుండా చెప్పింది.

మొదటి రోజు సాయంత్రం ఇంటి ముందు అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారట. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. రమణమ్మ వరసకి వెంకటేశ్వర్లుకి మరదలు, ఎకసెక్కెం ఆడే వరస. "ఏంటి బావా, అంత కాపురం చేసి ఇప్పుడా చేతులు పట్టుకునేది!" అంది. వీధంతా నవ్వింది. రెండో రోజు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. ఒకటే గది. "పట్టపగలు తలుపేసుకున్నారర్రోయ్!" అని బయట కేక. అయిదు నిమిషాల్లో తలుపు తీసేశారు. రాత్రిళ్ళు చేద్దామా అంటే, ఉక్కకి ఊరంతా వీధిలోనే మంచాలు వేసుకుంటుంది, వీళ్ళ మంచాలూ అక్కడే. మూడో రోజు తోటలో కోతగాళ్ళు ఒక్కొక్కడే వచ్చి చెయ్యి చాచారట, "మావా, మా చెయ్యి కూడా కాస్త పట్టు" అని. ఆ రోజు వెంకటేశ్వర్లు అన్నం తినకుండా లేచి వెళ్ళిపోయాడు.

"ఆయన తల ఎత్తుకుని తిరగలేకపోతన్నాడమ్మా. ఆయన పరువు తీసి నా చెయ్యి బాగుచేసుకోనా? ఇంక మానెయ్యి, డాక్టరమ్మకి నేను సర్దిచెప్పుకుంటాలే అన్నాను." 

"స్ప్లింట్?"

"చెమటకి దద్దుర్లు లేచినాయి. గూట్లో పెట్టా."

గుమాస్తా చేత నీళ్ళు మోయించిన మనిషి! పద్నాలుగు మందిని వెనకేసుకుని లారీని ఆపిన మనిషి! నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"నాలుగు వారాలు సవరమ్మా! రేపు నరం లేచొచ్చినా ఏం లాభం? కాలవ పూడిపోయాక నీళ్ళు వదిలితే మడిలోకి వస్తాయా? నీ చెయ్యి ఇలాగే ఉండిపోతుంది, తెలుస్తోందా?"

ఆమె అప్పుడు నా మొహంలోకి చూసింది. "అయితే ఇంక రాదా?" అంది. ఆ గొంతులో భయం అంతకుముందెప్పుడూ వినలేదు నేను. "ఈ చెయ్యి లేకపోతే తోటలోకి నన్నెవరు రానిస్తారమ్మా? ఒకళ్ళు పెడితే తిని అరుగు మీద కూచునే రకాన్నా నేను?"

"ఇవాళ్టి నుంచి సరిగ్గా చేస్తే చాలా వరకు వస్తుంది. మీ ఆయనతో కాదులే. ఆ రమణమ్మని పంపు, ఆవిడకే నేర్పుతా."

"నువ్వే గదమ్మా ఇంకెవర్నీ ముట్టుకోనియ్యొద్దంది. అది అన్నం పెట్టింది, తల దువ్వింది. చెయ్యి కాడికొచ్చేసరికి డాక్టరమ్మ వద్దందని దాన్ని నేనే తోసేశా."

చెంప మీద కొట్టినట్టయింది. అప్పుడే ఇంకో సంగతి కూడా తట్టింది. వీధిలో రమణమ్మ అన్న మాట కొత్తదేం కాదు. అది ఎనిమిది మంది ముందు నేనన్న మాటే. మొదట నవ్వింది వాళ్ళ వీధి కాదు, నా క్లినిక్.

ఆ మాట సవరమ్మకి చెప్పేశాను. తప్పు నాది కూడా అన్నాను. ఆమె పిండికట్టు ఎడమచేత్తో కొంగు భుజం మీదికి తోసుకుని లేచింది.

"తోటకి పోదాం పద" అంది.

ఆటో అంటే అప్పటికింకా ఆమెకి వణుకే. దారి పొడుగునా నా మోచేతికి తన భుజం ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. మేం చేరేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ. ఒక చెట్టు కింద మగవాళ్ళు, ఇంకో చెట్టు కింద ఆడవాళ్ళు. వెంకటేశ్వర్లు క్యారేజీ మూత తీస్తున్నాడు. పెళ్ళాన్నీ, వెనకాల నన్నూ చూసి లేచి నిలబడ్డాడు.

సవరమ్మ సరాసరి వెళ్ళి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కూచో. నా చెయ్యి పట్టుకో."

"ఇక్కడేంటే? ఇంటికి పోయినాక..."

"ఇంటికాడ తలుపు తీసుంటే సిగ్గు, వేస్తే సిగ్గు. ఇంకెక్కడ పట్టుకుంటావు, కాటికాడా?"

మగవాళ్ళలో ఎవడో కిసుక్కున నవ్వాడు. సవరమ్మ గిరుక్కున తిరిగింది. "ఎవడ్రా నవ్వింది? లే! లేచి నిలబడి నవ్వు, మొహం చూస్తాను!" ఎవడూ లేవలేదు. ఆడవాళ్ళలో రమణమ్మ తల దించుకుని ముద్ద కలుపుతోంది. "నువ్వు కూడా వినవే రమణా. ఎకసెక్కెం ఆడే వరసే, కాదన్ను. నా చెయ్యి పోయినాక కూడా ఆడు, వింటాను."

మళ్ళీ మొగుడి వైపు తిరిగింది. ఈసారి గొంతు పెంచలేదు.

"పెళ్ళిలో ఊరంతా అచ్చింతలు పట్టుకుని చూస్తా ఉంటే పట్టుకున్నావు గదయ్యా ఈ చెయ్యి. మా నాన్న నీళ్ళు పోసి నీ చేతిలో పెట్టాడు. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? అప్పుడంటే బాగున్న చెయ్యి. పని చేస్తది, వండి పెడతది. ఇప్పుడు చచ్చి పడుంటే పరువు అడ్డమొచ్చిందా నీకు?"

వెంకటేశ్వర్లు చేతిలో క్యారేజీ మూత కింద పెట్టాడు. నేను ఏదో అనబోయి, జన్మకోసారి, నోరు మూసుకున్నాను.

అతను నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చేతికి సొన ఉందేమోనని వాసన చూసుకుని మళ్ళీ కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని వచ్చి, ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మణికట్టు కింద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేత్తో వేళ్ళని మెల్లగా లేపాడు. మొదటి రోజు నేర్పింది ఒక్కటీ మర్చిపోలేదు. దానికే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"నోరు మూసుకుని చెయ్యి" అంది సవరమ్మ. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతుల్లేవు ఆమెకి. రమణమ్మే లేచొచ్చి తన కొంగుతో తుడిచింది.

నేను రమణమ్మ చేతులు కూడా కడిగించి, అక్కడే, అందరి ముందూ నేర్పాను. "ఏంటి మీరంతా గుడ్లప్పగించి చూస్తున్నారు, నేర్చుకోండి, రేపు మీ ఇళ్ళల్లో పనికొస్తుంది" అని మగవాళ్ళ మీద అరిచాను. ఎవరి మీదో ఒకరి మీద అరవకపోతే నాకు తోచదు.

ఆ రోజు నుంచి పొద్దున రమణమ్మ చేసేది. సాయంత్రం వెంకటేశ్వర్లు. అరుగు మీదే, వీధి చూస్తుండగానే. కాగితం అడగలేదు నేను. చెయ్యి చూస్తే తెలిసిపోయేది. ఎడమచేతి కట్టు విప్పాక తనంతట తనే మూడో పూటా నాలుగో పూటా చేసుకునేది. పట్టుకుని లేపితే మణికట్టు వారానికింత వారానికింత లేచింది. వేళ్ళు విడివడటం మొదలైంది.

ఆగస్టు రెండో వారం, వాన పడుతున్న మధ్యాహ్నం, నా బల్ల మీద చెయ్యి పెట్టి "ఇదిగో చూడు" అంది. మణికట్టు వణుకుతూ, నిజంగా దానంతటదే, బల్ల మీంచి అంగుళం లేచింది. ఆ రోజు నేను క్లినిక్‌లో ఉన్న అందరికీ టీ తెప్పించాను. పక్కన నిలబడ్డ వెంకటేశ్వర్లు గోడ వైపు తిరిగి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నరం పూర్తిగా వచ్చింది. మణికట్టు వచ్చింది, బొటనవేలు వచ్చింది, చూపుడువేలూ మధ్యవేలూ వచ్చాయి. చివరి రెండు వేళ్ళు రాలేదు. డిసెంబరు దాకా నేను చెయ్యని ప్రయత్నం లేదు. మైనం కాపడం, స్ప్లింట్లు, అన్నీ. ఆ వేళ్ళకి నరం అందింది, కండ అందింది. మధ్య కీలు మాత్రం తెరుచుకోలేదు. ఆ నాలుగు వారాల్లో బిగుసుకున్నది అలాగే ఉండిపోయింది.

ఈ ఏడాది ఏప్రిల్లో తోటకి వెళ్ళాను. సవరమ్మ తన చోటే కూర్చుని కాయ ఏరుతోంది. ఇదివరకులా రెండేసి కాదు, ఒక్కొక్కటే. రెండు పట్టుకుంటే ఒకటి జారిపోతుంది. పక్కన కొత్తగా కూలికి వచ్చిన ఆడమనిషి ఒకామె ఆ కొంకి వేళ్ళని చూసి జాలిపడింది.

"అయ్యో, ఆటో తిరగబడినప్పుడు పోయినాయా అక్కా వేళ్ళు?"

"ఆటోకి పోయింది జబ్బే. అది బాగయింది" అంది సవరమ్మ, కాయ తిప్పి ట్రేలో వేస్తూ. గొంతు తగ్గించలేదు. "ఈ రెండు వేళ్ళూ మా ఆయన పరువుకి పోయినాయి. దానికి నేనే తోడుపోయాను."

నాలుగడుగుల దూరంలో చిక్కం పట్టుకుని ఉన్న వెంకటేశ్వర్లుకి ఆ మాట వినబడింది. అతను కర్ర చెట్టుకి ఆనించి, డ్రమ్ము దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి, ఆమె పక్కన కూర్చుని ఆ రెండు వేళ్ళూ పట్టుకున్నాడు. ఇంక రావని నేను చెప్పి నాలుగు నెలలైంది. వినడు. మధ్యాహ్నం పన్నెండైతే చాలు, అందరి ముందూ వచ్చి కూర్చుంటాడట.